చబుత్రా మీది పిల్లవాడికి దారి ఏది?



హైదరాబాద్ పాతబస్తీలో చబుత్రా అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. రెండు గదుల ఇంట్లో ఎనిమిది మంది సర్దుకునే చోట, పని ముగించుకుని వచ్చిన కుర్రవాడు కూర్చునేది ఆ అరుగు మీదే. పోలీసులు ‘ఆపరేషన్ చబుత్రా’ పేరుతో అలాంటి పిల్లలను అర్ధరాత్రి స్టేషన్లకు తరలించి, తల్లిదండ్రులను పిలిపించి, హితబోధ చేసి పంపారు. వీధి గొడవల గురించిన ఆందోళన అబద్ధమని మేము అనడం లేదు. ఆ గొడవల్లో గాయపడేదీ మన బిడ్డలే. కానీ మరునాటి రాత్రి ఆ పిల్లవాడు ఎక్కడికి వెళ్లాలి?

చట్టానికి ఈ ప్రశ్న తెలుసు. బాలలను సంస్థల్లో నిర్బంధించడం చిట్టచివరి మార్గం కావాలని 2015 నాటి బాల న్యాయ చట్టం చెబుతోంది. జీవిత ఖైదు పడే నేరం కానప్పుడు, 21 ఏళ్ల లోపు వారిని జైలుకు పంపాలంటే న్యాయస్థానం కారణాలు నమోదు చేయాలని 1958 నాటి ప్రొబేషన్ చట్టం చెబుతోంది. అయినా 2022 చివరినాటికి దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. జనాభాలో 14 శాతమైన ముస్లింల వాటా వారిలో అంతకు మించి ఉంది. చట్టంలో దారి ఉన్నా, ఆ దారి వేయడానికి నిధులు కావాలి.

ప్రభుత్వం తలచుకుంటే చేయగలదు. 2016 నుంచి తెలంగాణలో నెలకొన్న మైనారిటీ గురుకులాలే అందుకు రుజువు. అయితే ఏడో తరగతిలో బడి మాని వెల్డింగ్ దుకాణంలో చేరిన పిల్లవాడు ఆ గేటు దాకా రాలేడు. అతని కోసం మేము కోరేది ఇంతే: ప్రతి బస్తీలో రాత్రి పదకొండు దాకా తెరిచి ఉండే కేంద్రం, అందులో ఓపెన్ స్కూల్ పదో తరగతి బోధన, పనిముట్లతో వృత్తి శిక్షణ, ఆటస్థలం, తొలిసారి కేసులో చిక్కిన వారికి సలహాదారు, న్యాయవాది. అక్కడి హాజరు పట్టీ మాత్రం పోలీస్ స్టేషన్‌కు చేరకూడదు. చేరిన రోజున ఆ కేంద్రం ఖాళీ అవుతుంది.

మనకూ ఒక మాట. బందీ అయిన బిడ్డకు జామీను కట్టడం పుణ్యమే. బందీ కాకుండా ముందే కాపాడడం అంతకంటే మేలు. మన సదఖాలో ఒక భాగాన్ని ఈ రంజాన్ నుంచే అందుకు కేటాయిద్దాం. ప్రభుత్వాన్ని అడిగే మన గొంతుకు అప్పుడే బరువు వస్తుంది.