పేరు చూసి మోసపోవద్దు



మీకు చదవడం వచ్చింది. బస్సు మీద ఊరి పేరు చదువుతున్నారు. పేపరు కూడబలుక్కుని చదువుతున్నారు. ఇక మాట వెనక ఏముందో కూడా చూడాలి. పదిమందీ వాదులాడుకునే విషయాల్లో ఒక్కో మాట నిజాన్ని చూపిస్తుంది. ఒక్కో మాట నిజాన్ని దాస్తుంది.

సారా సంగతే చూడండి. 1980లలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సారాను ప్యాకెట్లలో ఊరూరికీ పంపింది. ఆ పథకం పేరు ‘వారుణి వాహిని’. వారుణి అంటే మద్యం. వాహిని అంటే ఏరు. వింటే ఏదో మంచినీళ్ళ పథకం అనిపిస్తుంది! సారా మీద వచ్చిన డబ్బును సర్కారు కాగితాల్లో ‘ఆబ్కారీ ఆదాయం’ అని రాసుకున్నారు. ఇంటి ఇల్లాలికి అదే డబ్బు మగడి కూలి, పిల్లల బువ్వ. డబ్బు ఒక్కటే, పేర్లు రెండు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రి బడిలో చదువు నేర్చుకున్నారు. సారా గురించి మాట్లాడుకున్నారు. ఒక్కటై ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. వాళ్ళ కథ చదువు పుస్తకంలో పాఠమైంది. 1992లో ఆ పోరాటం జిల్లా అంతా పాకింది. తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995లో మద్యం మొత్తాన్నీ నిషేధించారు. 1997లో ఆ నిషేధం సడలించారు. ఆదాయమా, కాపురాలా అన్న వాదన ఇంకా తెగలేదు.

ఇప్పుడు పెళ్ళి మాటలకు వద్దాం. ‘మాకు కట్నం వద్దండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో పెట్టుకోండి’ అంటారు. ఆ తర్వాత లాంఛనాలంటారు. బండి అంటారు. కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా నేరమని 1961లోనే చట్టం వచ్చింది. అందుకే కొందరు పేరు మార్చారు. ఎవరూ అడక్కుండా, తాహతుకు మించకుండా ఇచ్చే కానుక వేరు. పెళ్ళి కోసం అడిగి తీసుకుంటే దానికి ఏ పేరు పెట్టినా కట్నమే.

మొగుడు పెళ్ళాన్ని కొడితే ఏమంటారు? ‘ఇంటి గొడవ’ అంటారు. గొడవ అంటే తప్పు ఇద్దరిదీ అన్నట్టు. ఇంటిది అంటే బయటివాళ్ళు నోరెత్తకూడదన్నట్టు. 2005లో వచ్చిన చట్టం దాన్ని ‘గృహహింస’ అంది. కొట్టడం హింస. తిట్టి అవమానించడం హింస. ఖర్చులకు డబ్బివ్వకుండా మాడ్చడం కూడా హింసే. ‘మా ఇంట్లో గొడవ’ అని గుమ్మంలో కూర్చుని ఏడ్చే మనిషి, ‘నా మీద హింస జరుగుతోంది’ అని 181కి ఫోను చేసి చెప్పగలదు.

దారిలో ఆడపిల్లను ఏడిపిస్తే ‘ఈవ్ టీజింగ్’ అనేవారు. టీజింగ్ అంటే ఆటపట్టించడం. ఆ పిల్లకు అది ఆటా? భయంతో బడి మానేసిన పిల్లలున్నారు. 2023లో సుప్రీంకోర్టు జడ్జీల కోసం, లాయర్ల కోసం ఒక చిన్న పుస్తకం తెచ్చింది. ఆ మాట మానండి, వీధిలో జరిగే లైంగిక వేధింపు అనండి అని అందులో ఉంది.

మెత్తని మాట తప్పును కప్పుతుంది. మరి కరుకు మాట? అది లేని తప్పును పుట్టిస్తుంది. ఊళ్ళో ఎవరికో జబ్బు చేస్తుంది. ఒక ఒంటరి ముసలమ్మ మీద ‘చేతబడి’ అని మాట పడుతుంది. చేతబడి, బాణామతి అని నింద వేసి మనుషుల్ని కొట్టారు, చంపారు కూడా. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఇవి జరిగాయి. జబ్బుకు కావలసింది డాక్టరు. ఆ ఒక్క మాటకు ఒక ప్రాణం బలి.

అందుకే నలుగురూ ఒక మాట అంటున్నప్పుడు వెంటనే తలూపకండి. ఈ పేరు ఎవరు పెట్టారు? దీనివల్ల ఎవరికి లాభం? బాధ పడే మనిషినే అడిగితే ఏ పేరు చెబుతుంది? ఇవి అడగండి.

ఈ వారం సంఘం మీటింగులో ఒక వార్త పైకి చదవండి. అందులో మీకు అనుమానం వచ్చిన మాట కింద గీత గీయండి. దాని పక్కన మీ మాట రాయండి. పలక మీదైనా సరే, మీ చేత్తో రాయండి.