ఆయుధాలు తొడిగిన బళ్ల ఆట
అందరికంటే ముందు గమ్యం చేరడం కాక, తుపాకులు, క్షిపణులు అమర్చిన వాహనాలతో ప్రత్యర్థుల బళ్లను ధ్వంసం చేసి చివరిదాకా నిలవడమే లక్ష్యంగా గల వీడియో గేములను వాహన పోరాట క్రీడలంటారు. వీటిలో అగ్రగణ్యమైన ‘ట్విస్టెడ్ మెటల్’ను అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీకి చెందిన సింగిల్‌ట్రాక్ సంస్థ సోనీ ప్లేస్టేషన్ కోసం రూపొందించగా, అది 1995లో విడుదలైంది. మరుసటి ఏడు వచ్చిన రెండో భాగంలో, పారిస్ నగరపు అంకంలో ఆటగాడు ఈఫిల్ టవర్‌ను బాంబుతో కూల్చితే, ఆ శిథిలమే పక్క మేడల కప్పుల మీదికి దారి అయ్యేది. విధ్వంసాన్నే మార్గనిర్మాణంగా మార్చిన ఈ కల్పన నేటి భారీ గేముల్లోనూ అరుదు. ఐస్‌క్రీమ్ బండి నడిపే క్రూర విదూషకుడు స్వీట్ టూత్ ఈ వరుసకు ముఖచిత్రమయ్యాడు. అయితే అభిమానులు నేటికీ బెంగపడేది ప్రధానంగా తెర విభజన కోసం, అనగా ఒకే టీవీ తెరను రెండుగా పంచుకొని ఇద్దరు పక్కపక్కనే కూర్చొని తలపడే ఏర్పాటు కోసం. బండి నడపడం, కాల్పులు, కాలినడక అన్నీ ఒకే నగరంలో కలిపిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3’ 2001లో వచ్చాక, కేవలం బళ్ల పోరుకే పరిమితమైన గేములు ఇరుకుగా తోచడం సహజమే. 2012 నాటి ప్లేస్టేషన్ 3 గేము తరువాత ‘ట్విస్టెడ్ మెటల్’ పేరిట కొత్త గేము రాలేదు. 2023లో టీవీ ధారావాహిక మాత్రం వచ్చింది.