ఊరికి తీసుకొచ్చే దోస్తు



ఈసారి ఏం మాట్లాడమంటారని యువజన విభాగం పిల్లలను అడిగాం. పోడు పట్టాల గురించో, ఉద్యోగాల గురించో అంటారనుకున్నాం. హైదరాబాద్, వరంగల్, నాగపూర్ కాలేజీలకు పోయినవాళ్లు మాత్రం ఇంకోటి అడిగారు. ‘మనల్ని మనలాగే ఒప్పుకునే దోస్తులు ఎట్లా దొరుకుతారు? దాని గురించి చెప్పండి’ అన్నారు. మొదట నవ్వొచ్చింది. ఊళ్లో ఈ ప్రశ్నే పుట్టదు కదా. పుట్టినప్పుడే నువ్వు ఏ సగ, ఎవరికి ఏం వరస, ఎవరితో పరాచికం ఆడొచ్చు, ఎవరి ముందు తల వంచాలి అన్నీ తెలిసిపోతాయి. తర్వాత కూర్చొని మాట్లాడుకుంటే నవ్వే విషయం కాదని తెలిసింది. ఊళ్లో పుట్టుకతో వచ్చేదాన్ని హాస్టల్ గదిలో ఒక్కడివే సంపాదించుకోవాలి. ఆ పని ఎట్లా చేయాలో మన పెద్దలు మీకు నేర్పలేదు. వాళ్లకు ఆ అవసరం రాలేదు.

మీరు చెప్పిన మాటలే మళ్లీ చెబుతాం. హాస్టల్ తలుపు మీద పేర్లు రాసేటప్పుడు ఆత్రం, మడావి, పెందూర్, సిడాం అని నిండుగా రాయరు. ఒక్క అక్షరం, పక్కన చుక్క. ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేస్తే వరండా చివరికి పోయి గోండీలో మాట్లాడతారు. ఎవరైనా అటు వస్తే మాట తెలుగులోకి మారుతుంది. ఏమైందో తెలియక అవతల అమ్మ ‘హలో, హలో’ అంటుంది. సెలవుల నుంచి వచ్చేటప్పుడు ఇప్పపువ్వు లడ్డూలు తెస్తారు. ఉట్నూరులో మన ఆడపడుచులు సంఘం పెట్టుకొని చేస్తున్న లడ్డూలవి. ఒంటికి బలం. గదిలో పంచేటప్పుడు మాత్రం ‘ఏదో బెల్లం స్వీటు’ అంటారు. ఇప్ప అంటే సారా ఒక్కటే గుర్తొస్తుంది వాళ్లకు. దాని మీద నాలుగు రోజులు జోకులు నడుస్తాయి.

ఇట్లా దాచుకోవడం తప్పని మేము అనం. ఎగతాళి చేస్తారన్న భయం ఊరికే పుట్టలేదు. ‘మీకేంరా, సీటు ఇంటికొస్తుంది’ అన్న మాట విననివాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులు ఎత్తమని అడగం. ‘మీ ఊళ్లో కరెంటు ఉందా, మీవాళ్లు బట్టలు వేసుకుంటారా’ అని అడిగినవాళ్లూ ఉన్నారు. అవి విన్న తర్వాత ఎవరైనా మూసుకుపోతారు.

ఒక లెక్క మాత్రం చూడండి. నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్న దోస్తుకు మీ ఊరి పేరు తెలియదు. మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారో తెలియదు. మీ నాయన దండారీలో గుమేల వాయిస్తాడని తెలియదు. అయినా అతను మిమ్మల్ని ఒప్పుకున్నాడు, బర్త్‌డేకు కేక్ కోయించాడు. అయితే ఒప్పుకున్నది ఎవరిని? మీరు తయారుచేసి చూపించిన ఇంకో మనిషిని. అతను మంచివాడే కావచ్చు. చూపించనిదాన్ని ఎంత మంచివాడైనా ఒప్పుకోలేడు, కాదనలేడు. అందుకే కేక్ కోసిన రాత్రి కూడా ఒంటరిగా అనిపిస్తుంది. మీలో చాలామంది చెప్పిన ఆ ఒంటరితనం దోస్తులు లేక వచ్చింది కాదు, దోస్తుల మధ్యే వచ్చింది.

మరి మొదటి రోజే తుడుం కొట్టి ‘నేను గోండును’ అని చాటాలా? అక్కర్లేదు. అందరికీ అన్నీ చెప్పాలన్న రూలు ఎక్కడా లేదు. ఒక చిన్నదాన్ని బయటపెట్టి చూడండి. తలుపు మీద ఇంటిపేరు పూర్తిగా రాయండి. లేదంటే లడ్డూను దాని పేరుతోనే పంచండి. తర్వాత ఎదుటివాడు ఏం చేస్తాడో గమనించండి. ‘ఆత్రం అంటే ఏంది?’ అని ఒకడు అడుగుతాడు. మీరు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగల గురించి చెబుతారు. వాడికి సగమే అర్థమవుతుంది. రెండు రోజుల తర్వాత ‘ఒకే సగలో పెళ్లి చేసుకోరన్నావు కదా, ఎందుకని?’ అని మళ్లీ వస్తాడు. ఆ రెండోసారి వచ్చి అడిగినవాడిని వదులుకోవద్దు.

తెలియక అడిగేది వేరు, తెలిసీ అనేది వేరు. మనవాళ్లు కొన్నిసార్లు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. ‘మీరు కోయలా, గోండులా, రెండూ ఒకటేనా?’ అని అడిగితే కోపం తెచ్చుకోవద్దు. మనం ‘కోయితూర్’ అని చెప్పుకుంటామని, కోయలు వేరుగా కూడా ఉన్నారని బడి పుస్తకంలో వాడికి ఎవరూ చెప్పలేదు. రెండోరకం వాడికి మాత్రం అన్నీ తెలుసు. మీకు నొప్పి ఎక్కడుందో కూడా తెలుసు. అక్కడే గుచ్చి, ‘జోక్ చేశాను, అంత సీరియస్ ఎందుకు’ అంటాడు. వాడిని మార్చే బాధ్యత మీ మీద లేదు. పక్కకు జరగండి. వేధింపు దాకా పోతే పరిచయాల లెక్క కాదు, చట్టం లెక్క. కాలేజీల్లో ర్యాగింగ్‌పై యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చింది. 1800-180-5522కు ఫోన్ చేసి చెప్పొచ్చు. నలుగురిలో కులం పేరుతో కించపరిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. మనసు మరీ కుంగిపోతే టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. ఈ రెండు నంబర్లు ఫోన్‌లో పెట్టుకోండి.

బయటివాడు మనల్ని మనలాగే ఒప్పుకోవడం అయ్యే పనేనా అని ఒక తమ్ముడు అడిగాడు. మన జిల్లాలోనే దానికి జవాబుంది. జైనూర్ మండలం మార్లవాయి పోయినవాళ్లు అక్కడి రెండు సమాధులు చూసే ఉంటారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత, గోండుల బతుకు ఏమిటో తెలుసుకొని రమ్మని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆస్ట్రియాలో పుట్టిన మనిషి. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు. గోండీ నేర్చుకున్నారు. 1943లో అక్కడే గోండు పంతుళ్ల శిక్షణ కేంద్రం మొదలైంది. మనవాళ్లు వాళ్ల కొడుకును లచ్చు పటేల్ అని పిలుచుకున్నారు. బెట్టీ 1987లో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో ఆయన పోయారు, ఆయన సమాధీ ఆమె పక్కనే ఉంది. ఇప్పటికీ జనవరి 11న ఊరు అక్కడికి కదులుతుంది.

ఇది చెప్పింది పెద్ద సార్లకు మొక్కమని కాదు. ఆయన సర్కారు మనిషి, చేతిలో అధికారం ఉంది. మీ రూమ్మేట్ చేతిలో ఏమీ లేదు, పరీక్ష ఫీజుకే తిప్పలు పడుతుంటాడు. మాకు ముఖ్యమనిపించింది వేరే. వాళ్లతో మాట్లాడటానికి మార్లవాయి జర్మన్ నేర్చుకోలేదు. వాళ్లే గోండీ నేర్చుకున్నారు. మీ దోస్తు గోండీ అంతా నేర్వనక్కర్లేదు. మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు పక్క నుంచి ‘రాం రాం’ అంటే చాలు. గుంజాల లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. ‘నా పేరు మీ లిపిలో రాసియ్యి’ అని అడిగిన దోస్తులు ఉన్నారని మీరే చెప్పారు. అడిగాక రాయడం రాదని కొందరు తలదించుకున్నారట. నేర్చుకోవడానికి అంతకంటే మంచి సాకు దొరకదు.

ఇంకా దగ్గర్లో కూడా ఒక దోస్తానా ఉంది. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వాళ్లకు కావాల్సిన కుండలు సిరికొండ కుమ్మరులు చేస్తారు. తరాల నుంచి నడుస్తున్న సంగతి. ఆ కుమ్మరులు గోండులు కాలేదు, మెస్రం వాళ్లు కుమ్మరులు కాలేదు. ఒకరి దేవుడికి ఇంకొకరి చేతి మట్టి కావాలి. ఎవరూ మారలేదు, తెగనూ లేదు.

ఇప్పుడు కొంచెం చేదు మాట. పట్నంలో మనల్ని ఒప్పుకోవాలని అడుగుతున్నాం. మన హాస్టళ్లలో కొలాం పిల్లవాడి పక్కన ఎవరు కూర్చుంటున్నారు? వాడు తక్కువ మాట్లాడతాడు, కొలామీ యాస పడుతుంది, నవ్వేది మనవాళ్లే. ఊళ్లో దేవుడి పనికి కొలాం పూజారి కావాలి, క్లాసులో కొలాం దోస్తు వద్దు. ప్రధాన్ ఇంటి పిల్లలను, తోటి ఇంటి పిల్లలను ఎట్లా చూస్తున్నారు? వాళ్ల తాతలు కిక్రి వాయిస్తూ మన సగల కథలు పాడారు కాబట్టే మనం ఎవరమో మనకు తెలుసు. ‘మాకు పాడేవాళ్లు’ అనే చిన్నచూపు ఇంకా పోలేదు.

ఇంకా ఉన్నారు. ఆదిలాబాద్‌లోనో మంచిర్యాలలోనో పెరిగి గోండీ రానివాళ్లు. నాయన ఉద్యోగం పట్నంలో అయితే పిల్లల తప్పేముంది? ఊరికి వస్తే వాళ్లను ‘పట్నపోళ్లు’ అని పక్కనపెడతారు, కాలేజీలో వాళ్లే ‘అడవోళ్లు’. రెండు చోట్లా బయటివాళ్లే. పెళ్లి తొందర వద్దు, నర్సింగ్ పూర్తి చేస్తానన్న ఆడపిల్లకు ఊళ్లో తోడు కావాలి. పండుగకు సారా ముట్టనన్న పిల్లవాడిని ‘నువ్వేం ఆదివాసివి?’ అని అడగడం ఆపాలి. మనలాగే ఉంటేనే మనవాడు అనే మాట, పట్నంవాళ్లు మనతో అంటున్న మాటే. గొంతు ఒక్కటే మారింది.

ఇదంతా చెప్పి ఊరుకుంటే ఉపన్యాసం అవుతుంది. సంఘం తరఫున ఒక పని అడుగుతున్నాం. దీపావళికి దండారీ ఉంది. దండారీ అంటే ఏమిటో ఆలోచించండి. ఒక ఊరి బృందం ఇంకో ఊరికి పోతుంది. నెమలి పింఛాల మాల్‌బూర పెట్టుకొని గుస్సాడీలు, చీర కట్టిన పోరీలు, పెప్రె, డోలు, వెనక ఆడవాళ్లు. పోయిన ఊరు వాళ్లకు అన్నం పెడుతుంది, పడుకోవడానికి చోటిస్తుంది, రాత్రంతా కలిసి ఆడుతుంది. తర్వాత ఈ ఊరూ వాళ్లింటికి పోతుంది. చుట్టం రావడం, చుట్టంగా పోవడం మన రక్తంలో ఉన్న విద్య. మార్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది కూడా ఈ గుస్సాడీ ఆటకే. పట్నంలో దాచుకోవాల్సినంత చిన్నదేమీ కాదు.

ఈ దండారీకి ఒక దోస్తును తీసుకురండి. ఒక్కరు చాలు, బస్సు నిండా వద్దు. ఆడపిల్లలు ఆడ దోస్తులను తెచ్చుకోండి, వాళ్ల అమ్మానాన్నలతో మన అక్కలు ఫోన్‌లో మాట్లాడతారు. తెచ్చే ముందు నాలుగు సంగతులు చెప్పి తీసుకురండి. గుస్సాడీ దీక్షలో ఉంటాడు, ఆ రోజుల్లో స్నానం చేయడు, ఒంటికి బూడిద ఉంటుంది, నవ్వొద్దు. మాల్‌బూరను ముట్టొద్దు. ఫోటో కావాలంటే అడిగి తీసుకోవాలి, కింద ‘ట్రైబల్ లుక్’ అని రాసి నెట్‌లో పెట్టొద్దు. చెప్పులు ఎక్కడ విడవాలో చూపించండి. జొన్న రొట్టె గొంతు దిగకపోతే బలవంతం చేయొద్దు, అన్నం కూడా వండుతాం. వాళ్లను వాళ్లలా ఉండనివ్వాలి కదా మనం కూడా. నేల మీద పడుకోవాలని, బాత్‌రూమ్ దూరమని ముందే చెప్పండి, దాచొద్దు. అది విని రానన్నవాడు రానక్కర్లేదు. వస్తానన్నవాడు ఎవరో మీకు అక్కడే తెలిసిపోతుంది.

వచ్చేవాళ్ల పేర్లు పండుగకు వారం ముందే మీ ఊరి పటేల్‌కు చెప్పండి. ఉట్నూరు దాకా బస్సు దొరుకుతుంది, అక్కడి నుంచి ఆటో సంగతి సంఘం పిల్లలు చూసుకుంటారు. చలి మొదలవుతుంది కాబట్టి దుప్పటి ఒకటి ఎక్కువ తెచ్చుకోమనండి.