పేరు పేర్చు విద్య

తన శత్రువు పేరు లోకమునకు ఎట్లు కనబడవలెనో తానే నిర్ణయింపగోరువారు ఈనాడు క్రొత్తగా పుట్టినవారు కారు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల శ్రోతలకు ఇందుకు దూరపు నిదర్శనము అక్కరలేదు. ఆళ్లగడ్డకు చేరువనున్న ఉయ్యాలవాడ పాలెగాడు నరసింహారెడ్డి 1846లో ఈస్టిండియా కంపెనీపై తిరుగబడెను. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయనను ఉరితీసిరి. అంతటితో కంపెనీవారికి తనివి తీరలేదు. ఆయన శిరస్సును కోటపై 1877 వరకు, అనగా 30 యేండ్లు, వ్రేలాడనిచ్చిరి. ఆ దారిని పోవువాడు చూడవలసినది అది యొక్కటియే. పల్లెలలో పాటకులు మాత్రము ఆయనను వీరునిగానే పాడుకొనిరి. ఆ పాటయే నిలిచినది. 2019లో ఆయన కథ చలనచిత్రముగా వచ్చినది. సినిమావారు చేర్చిన కల్పనల మాట వేరు.

కంపెనీ చేసినది ఘోరమే యైనను, అది ఎవరి పనియో చూచువానికి తెలియుచుండెను. కనుకనే జనులు ఆ దృశ్యమును నమ్మక, పాటను నమ్మిరి. నేడు అంతర్జాలములో సాగు కీర్తినిర్వహణ వ్యాపారము ఇట్టిది కాదు. అది సామాన్యుని గొంతుతోనే మాటాడును. చిక్కంతయు అక్కడ నున్నది.

అహోబిల యాత్రకు బయలుదేరు కుటుంబమును తలచుకొనుడు. బస ఎక్కడ దొరకునని సెల్‌ఫోనులో వెదకుదురు. ఒక వసతిగృహమునకు అయిదు నక్షత్రములు, క్రింద ప్రశంసలు. ఆ ప్రశంసలు వ్రాసినవారిలో ఎందరు ఆ గదిలో పండుకొనిరి? కూలికి వ్రాయువారు కలరు. గదిలో నీరు రాలేదని వ్రాసిన నిజమైన యాత్రికుని మాటను ఎవరును చెరుపనక్కరలేదు. దానిపై నలువది పొగడ్తలు పేర్చిన చాలును, అది అడుగున పడిపోవును. వెదకువారు సాధారణముగా మొదటి పుటను దాటి పోరు. పెద్దవారి విషయములోను ఇదే పద్ధతి: పాత అభియోగపు వార్త మీద క్రొత్త సన్మానములు, దానధర్మముల ఛాయాచిత్రములు గుట్టగా పోయుదురు.

ఇంతకంటె సాహసించువారును కలరు. స్పెయిను దేశమున బార్సిలోనాకు చెందిన ఎలిమినేలియా అను సంస్థ నడిపిన తీరును 2023 ఫిబ్రవరిలో పలుదేశముల విలేకరులు కలిసి బయటపెట్టిరి. కక్షిదారునకు గిట్టని వార్తను నకలు తీసి, దానికి వెనుకటి తేదీ వేసి, అసలు వ్రాసినవాడే దొంగిలించెనని కాపీరైటు ఫిర్యాదు చేయుట వారి ఉపాయములలో ఒకటి. దొంగయే దొంగ దొంగ యని అరచినట్లు! ఆ పరిశోధనకు ప్రేరణ, 2017 సెప్టెంబరు 5న బెంగళూరులో హత్యకు గురియైన పత్రికారచయిత్రి గౌరీ లంకేశ్.

అపకీర్తి నుండి కాపాడుకొనుట తప్పు కాదు. ప్రత్యర్థి పంపిన కిరాయివారు ఒక్కొక్క నక్షత్రము వేసి పోయిన అంగడివాడు ఏమి చేయవలెను? తన సమాధానము తన పేరుతో వ్రాసికొనుట అతని హక్కు. ఇతరుల పేరుతో తన్ను తాను పొగడుకొనుటయే వంచన.

2022 నవంబరులో భారతీయ ప్రమాణముల సంస్థ ఐఎస్ 19000 అను ప్రమాణమును వెలువరించినది. కొనిన అభిప్రాయములను, కూలికి వ్రాయించిన అభిప్రాయములను ప్రకటింపరాదని దాని ఉద్దేశము. వెలువడిననాడు అది స్వచ్ఛందము మాత్రమే. కనుక చదువువారు తమ జాగ్రత్తలో తాముండవలెను. ఒకే వారములో కుప్పగా వచ్చిన పొగడ్తలను, ఒకే మూసలోని వాక్యములను అనుమానింపుడు. రెండు మూడు నక్షత్రములు వేసినవారి మాట ముందు చదువుడు. మంచిచెడ్డలు రెండును వ్రాయువారు తరచుగా వారే. ఆళ్లగడ్డ శిల్పుల వద్ద విగ్రహము చేయింపగోరువారు తెరపై బొమ్మ చూచి బయానా పంపుటకంటె, ఒకమారు పనిశాలకు పోయి రాతిని చూచి వచ్చుట మేలు. మోసపోయినవారు రసీదును, తెరపై చూచిన ప్రకటన చిత్రమును భద్రపరచి, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చును.