ఎక్కడ మొదలుపెట్టాలో ఈస్టుకు తెలుసు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

"కరెంటు ప్లాంటులో పనిచేసేవాడివి, నీకు ఈస్టుతో ఏం పనయ్యా?" అని నిర్వాహకులు అడిగారు. కారణం ఉంది, తరువాత చెబుతాను.

రొట్టె పిండిని పొంగించేదీ, కల్లును పులియబెట్టేదీ ఈస్టే. (ఇడ్లీ పిండి పొంగడంలో పెద్ద వాటా బాక్టీరియాది. అమ్మలు ఆ పుణ్యం ఈస్టు ఖాతాలో వెయ్యకండి.) ఒంటికణపు జీవి. అయినా అందులో సుమారు 6,000 జన్యువులు ఉన్నాయి. ఏదైనా ప్రోటీను కావలసినప్పుడు ఆ జన్యువు నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది. నకలు చదివి ప్రోటీను కట్టే యంత్రం రైబోజోము.

ఈ నకలులో మూడేసి అక్షరాలు ఒక పదం. పదాల మధ్య ఖాళీ ఉండదు. "కమలగడపకడిగె" అని రాశాననుకోండి. మొదటి నుంచి మూడేసి చదివితే కమల గడప కడిగె. ఒక్క అక్షరం జరిగి మొదలుపెడితే మలగ, డపక, డిగె. అక్షరాలన్నీ అవే, అర్థం మాత్రం పోయింది.

అందుకే రైబోజోము గబుక్కున పని మొదలుపెట్టదు. ముందు దాని చిన్న భాగం ఒక్కటే నకలు కొసన ఎక్కుతుంది. మెథియోనిన్ అనే మొదటి ఇటుకను ఈఐఎఫ్2 అనే సహాయక ప్రోటీను దాని చేతికి అందించి ఉంటుంది. అక్కడి నుంచి అక్షరాలు తడుముకుంటూ, ఏయూజీ అనే పదం కోసం వెతుక్కుంటూ పోతుంది. అది దొరికాక కాపలాగా ఉన్న ఈఐఎఫ్1 తప్పుకుంటుంది. పెద్ద భాగం వచ్చి కూడుకుంటుంది. అప్పుడు గాని ప్రోటీను కట్టడం మొదలవదు. ఇలా వెతుక్కుంటూ పోతుందని 1978లో ప్రతిపాదించిన ఆవిడ మేరిలిన్ కోజాక్. మా ప్లాంటులోనూ అంతే. ఆయిల్ ప్రెషరు వగైరా షరతులన్నీ కుదిరితే తప్ప టర్బైను కదలదు.

కాపలా ఎవరిదో కనిపెట్టిన తీరు నాకు మహా ఇష్టం. 1980లలో అమెరికాలో థామస్ డొనాహ్యూ బృందం, హిస్టిడిన్ తయారీకి కావలసిన ఒక జన్యువులో ఆ ఏయూజీని చెడగొట్టింది. హిస్టిడిన్ లేని పళ్ళెంలో ఆ ఈస్టు పెరగకూడదు. ఎక్కడో కొన్ని మాత్రం పెరిగాయి. వాటిని పట్టి చూస్తే జన్యువులో మొదటి పదం చెడినట్టే ఉంది, మారింది యంత్రం! మూడో పదమైన యూయూజీ దగ్గర అది పని మొదలుపెట్టేస్తోంది. అలా మారినవాటిలో ఈఐఎఫ్2 ముక్కలు, ఈఐఎఫ్1 బయటపడ్డాయి. కాపలావాడు ఎవరో తెలియాలంటే దొంగ ఎటు నుంచి దూరాడో చూడాలన్నమాట.

ఇంజనీరుగా నన్ను కట్టిపడేసింది మాత్రం జీసీఎన్4. ఆహారం కరువైనప్పుడు అమైనో ఆమ్లాలు తయారుచేసే జన్యువులను మేల్కొలిపే ప్రోటీను ఇది. దీని నకలులో అసలు పాఠానికి ముందు నాలుగు బుల్లి పాఠాలు అడ్డుగా ఉంటాయి. మొదటిది చదివిన రైబోజోముల్లో కొన్ని దిగిపోకుండా ముందుకు నడుస్తాయి. తిండి పుష్కలంగా ఉంటే దారిలోనే కొత్త మెథియోనిన్ దొరికి, నాలుగో అడ్డు దగ్గరికల్లా మళ్ళీ చదవడం మొదలుపెట్టి, అక్కడే దిగిపోతాయి. అసలు పాఠం దాకా చేరవు. కరువులో జీసీఎన్2 అనే ప్రోటీను ఈఐఎఫ్2కు ఫాస్ఫేటు తగిలిస్తుంది. మెథియోనిన్ అందడం ఆలస్యమవుతుంది. రైబోజోము ఖాళీ చేతులతో నాలుగో అడ్డును దాటిపోతుంది. అసలు పాఠం చేరేసరికి మెథియోనిన్ దొరుకుతుంది. సరఫరా తగ్గినప్పుడే ఈ సరుకు ఎక్కువ తయారవుతుంది! అలన్ హిన్నెబుష్ బృందం ఇదంతా విప్పి చూపింది. నాలుగో అడ్డును దూరంగా జరిపి చూస్తే, కరువులో కూడా రైబోజోములు అక్కడే ఆగిపోయాయి. అంటే ఇక్కడ దూరమే టైమరు. ముప్ఫై ఏళ్ళుగా రిలేలతో కుస్తీ పడుతున్నాను గానీ, గడియారం లేకుండా ఇంత చక్కటి టైమరు నేను చూడలేదు.

ఇక కారణం. నాతో పనిచేసిన ఒకాయన కూతురికి నడక తడబడుతుంటే పరీక్షలు చేయించారు. రిపోర్టులో ఈఐఎఫ్2బీ అని ఉంది. "ఇదేమిటో కాస్త చూడు" అని కాగితం నా చేతిలో పెట్టాడు. వాడిన ఈఐఎఫ్2ను మళ్ళీ పనికి సిద్ధం చేసేది ఈ ఈఐఎఫ్2బీ. జీసీఎన్2 ఫాస్ఫేటు తగిలించిన ఈఐఎఫ్2 అడ్డుకునేది దీన్నే. దీని భాగాల జన్యువులను ఈస్టులో ముందే గుర్తించారు. ఇవి చెడితే పిల్లల మెదడులో తెల్లపదార్థం క్రమంగా కరిగిపోతుందని 2001లో తేలింది. 2004లో ఆ పిల్లల్లో కనిపించిన మార్పులనే ఈస్టులో పెట్టి, యంత్రం ఎంత బలహీనపడుతుందో కొలిచారు. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. జ్వరం, తలకు దెబ్బ ఆ పిల్లలను ఒక్కసారిగా కుంగదీస్తాయి. అందుకే ఆ ఇంట్లో థర్మామీటరు ఎప్పుడూ చేతికందే చోటే ఉంటుంది.

పిల్లలూ, మన సైన్సు గదిలో మైక్రోస్కోపు కింద ఒక స్లైడు పెట్టి వచ్చాను. గోరువెచ్చని చక్కెర నీళ్ళలో కలిపిన బేకరీ ఈస్టు అది. మొగ్గ తొడుగుతున్న కణాలు కనిపిస్తాయి. రైబోజోములు కనిపించవు, అవి మరీ చిన్నవి. భోజనాలయ్యాక రండి, నేను అక్కడే ఉంటాను.