కొండ మీది పురుగు, కుళాయిలో నీరు

హైదరాబాద్‌లోని బోరబండలో నీళ్లు వదిలే వేళ బిందె పడితే ముందు తగిలేది క్లోరిన్ వాసన. ఈ నగరం దాహం తీర్చే మంజీరా బాలాఘాట్ కొండల్లో, కృష్ణ మహాబలేశ్వరంలో, గోదావరి త్ర్యంబకంలో పుడతాయి. కొండ మీద చెట్లు చస్తే ఆ చెరుపు కుళాయి దాకా వస్తుందా?

అమెరికాలోని కొలరాడోలో వచ్చింది. 1990ల చివరి నుంచి బియ్యపు గింజంత పెంకుపురుగు పైన్ చెట్ల బెరడు తొలిచి, లక్షల ఎకరాల అడవిని ఎండబెట్టింది. నీరు తాగే చెట్లు పోయాయి కాబట్టి ఏరులు నిండుతాయని కొందరు లెక్కేశారు. లెక్క అంత తేలిగ్గా కుదరలేదు. నీడ పోయి, మంచు ముందే కరిగింది, కొంత ఆవిరైంది. అసలు చిక్కు రాలిన ఆకులది. అవి కుళ్లి ఏటిలో కలిశాయి. ఆ కుళ్లుకు శుద్ధి కేంద్రంలో క్లోరిన్ తోడైతే ట్రైహేలోమీథేన్లు పుడతాయి. ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే మంచివి కావు. పురుగు పడిన కొండల నీళ్లలో ఇవి ఎక్కువగా తేలాయి.

మన దేశంలో ఇలాంటి పురుగు గుగ్గిలం చెట్లను పడుతుంది. 1997-98లో మధ్యప్రదేశ్‌లోని మండ్లా, దిండోరి అడవుల్లో, అంటే నర్మద పరీవాహకంలో, విరుచుకుపడింది. తొలకరికి పురుగులు బయటికొస్తాయి. అప్పుడు గుగ్గిలం దుంగలు నరికి, చివరలు నలగ్గొట్టి అడవిలో పడేస్తారు. కారిన రసం వాసనకు పురుగులు మూగుతాయి. ఊళ్లవాళ్లు ఏరి చంపుతారు, పురుగుకింతని కూలి పుచ్చుకుంటారు.