లాగు బలము, మోయు బలము
(ప్రసంగ పాఠము)

వేసవి సెలవులు వచ్చినంతనే అమెరికా రహదారులపై ఇండ్లు కదలుట మొదలిడును. వెనుక సామానుతొట్టి గల పికప్ ట్రక్కు ముందు నడచుచుండును. దాని వెనుక పడకలు, పొయ్యి, నీటితొట్టి, స్నానపుగది అమర్చిన బండి యొకటి సాగుచుండును. దానిని అచ్చట కాంపర్ ట్రెయిలర్ అందురు. ఎల్లోస్టోన్ వంటి జాతీయ వనములకు పోవు కుటుంబములు హోటళ్ల కొరకు వెదకుకొనక, తమ వంట తాము వండుకొని, తమ పడకలపై తాము నిద్రించుటకు ఇది అనుకూలమైన సాధనము.

ఈ ముచ్చట మన శ్రోతలకేల యనవచ్చును. టెక్సాస్‌లోనో, కాలిఫోర్నియాలోనో, న్యూజెర్సీలోనో బిడ్డలు స్థిరపడిన తెలుగు గృహములు నేడు పెక్కు గలవు. తలిదండ్రులు చూడబోయినప్పుడు, కుమారుడో అల్లుడో ఇట్టి బండిని అద్దెకు తెచ్చి వారిని యాత్రకు గొనిపోవుట కలదు. అట్టి వేళ ఆ బండి బరువును గూర్చిన లెక్క, ఇంటిల్లిపాది క్షేమమునకు సంబంధించిన లెక్క యగును.

ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ఒక్కటే. లాగు బలము వేరు, మోయు బలము వేరు. ప్రకటనలలో పెద్ద యక్షరములతో కనబడునది మొదటిది. ముందుగా చాలకపోవునది తరచుగా రెండవది.

టొయోటా టకోమా, ఫోర్డ్ రేంజర్, షెవ్రొలే కొలరాడో, నిస్సాన్ ఫ్రాంటియర్ అనునవి అచ్చట మధ్యతరగతి పరిమాణపు పికప్ ట్రక్కులు. వీనిలో మిక్కిలి బలమైన రకములు 6,500 మొదలు 7,700 పౌనుల వరకు, అనగా సుమారు 2,950 మొదలు 3,500 కిలోగ్రాముల వరకు లాగగలవని తయారీదారులు చెప్పుదురు. ఈ మాట అసత్యము కాదు. మోటారు ఇంజనీర్ల సంఘము 2008లో ప్రకటించిన ప్రమాణము ననుసరించి ఈ పరీక్షలు జరుగును. అరిజోనా రాష్ట్రమున డేవిస్ ఆనకట్ట సమీపమున సుమారు 18 కిలోమీటర్ల ఎత్తైన చడాయి కలదు. సుమారు 38 డిగ్రీల ఎండలో, చల్లదనపు యంత్రమును పూర్తిగా నడిపించుచు, గంటకు 40 మైళ్లకు తగ్గక ట్రక్కు ఆ చడాయి నెక్కవలెను. అయితే ఆ పరీక్షలో ట్రక్కునందు లెక్కకు వచ్చు మనుష్యులు ఇద్దరే. ఒక్కొక్కరి బరువు 150 పౌనులు, అనగా 68 కిలోలు. మన కుటుంబములో ఇద్దరే ఉందురా? ఇద్దరున్నను వారి వెంట బియ్యపు మూట, ఊరగాయ జాడీలు లేకుండునా?

ఇక మోయుట యనగా నేమో చూతము. దీనికి మన పల్లెటూరి బండివాని కన్న మంచి గురువు లేడు. రెండు చక్రముల బండిపై ధాన్యపు బస్తాలు వేయునప్పుడు అతడు బరువును ఇరుసునకు కొంచెము ముందుకు ఉంచును. బరువు వెనుకకు పోయిన యెడల కాడి పైకి లేచి, త్రాళ్లు ఎద్దుల గొంతులను నొక్కును. మితిమీరి ముందుకు వచ్చిన యెడల కాడి మెడలపై మోపుకొని ఎద్దులు క్రుంగిపోవును. నొగపై ఎంత భారము నిలువవలెనో అతడు చేతితో ఎత్తి చూచియే చెప్పగలడు.

ట్రెయిలరు విషయమునను సూత్రమిదియే. దాని నొగ వచ్చి ట్రక్కు వెనుకనున్న ఉక్కు గుండుపై కూర్చుండును. ట్రెయిలరు మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 పాళ్ల వరకు ఆ గుండుపై నిలువవలెనని నియమము. ఆ భారమును ట్రక్కు లాగుట లేదు, మోయుచున్నది. కావున మనుష్యులతోను, సామానుతోను కలిపి దానిని లెక్కింపవలెను.

ట్రక్కు ఎంత మోయగలదో తెలిసికొనుటకు పుస్తకములు తిరగవేయ నక్కరలేదు. నడుపువాని తలుపు తెరచినచో, పక్క స్తంభముపై చిన్న చీటీ అంటింపబడి యుండును. మనుష్యులు, సామాను కలిసి ఇన్ని కిలోలకు, ఇన్ని పౌనులకు మించరాదని దానిపై వ్రాసి యుండును. ఒకే పేరుగల రెండు ట్రక్కులకైనను ఈ యంకె వేరువేరుగా నుండవచ్చును. అదనపు హంగులు పెరిగిన కొలది మోయు బలము తరుగును.

ఉదాహరణమునకు ఆ చీటీపై 545 కిలోలని యున్నదనుకొందము. భార్యాభర్తలు, ఒక బిడ్డ, ఇద్దరు పెద్దలు కలిసి 310 కిలోలు. మిగిలినది 235. వెనుక ట్రెయిలరు నిండు బరువు 2,000 కిలోలు. ట్రక్కు లాగు హద్దు 2,950 కావున, ఇంకను 950 కిలోల వెసులుబాటు ఉన్నదని నడుపువాడు సంతోషించును. కాని నూటికి పన్నెండున్నర వంతున నొగ భారమే 250 కిలోలు. ఒక గిన్నెయైనను ఎక్కింపక మునుపే హద్దు దాటినది! అదే 1,300 కిలోల చిన్న ట్రెయిలరైనచో నొగ భారము సుమారు 160 కిలోలు. తగిలింపు సామగ్రికి, పెట్టెలకు 75 కిలోలు మిగులును. కుటుంబమును తగ్గించుట కుదరదు గనుక ట్రెయిలరునే తగ్గించుకొనవలెను.

ఇందు మరియొక మెలిక కలదు. ట్రెయిలరు అమ్మకపు పత్రములలో తరచుగా ఉత్త బరువే చూపుదురు. నీరు, వంటగ్యాసు, పాత్రలు, పరుపులు అందులో చేరవు. నీరు లీటరుకు ఒక కిలో. 150 లీటర్ల తొట్టి నింపినచో 150 కిలోలు పెరుగును. ఆ తొట్టి ఇరుసునకు ముందున్నదా, వెనుకనున్నదా అను దానిని బట్టి నొగ భారమును మారును.

నొగ భారము తగ్గించుకొనుటకై సామానును వెనుకకు సర్దుదము అను ఆలోచన కొందరికి కలుగును. ఇది మిక్కిలి ప్రమాదకరము. వెనుక బరువైన ట్రెయిలరు, పక్కనుండి గాలి కొట్టినను, పెద్ద లారీ దాటిపోయినను ఇటు నటు ఊగ నారంభించును. మెల్లగా పోవునప్పుడు ఆ ఊగు తనంతట తానే అణగును. వేగము ఒక హద్దు మీరినచో ఊగు ఊగుకు పెరిగి ట్రక్కును గూడ తిప్పివేయును. ఊగు మొదలైనప్పుడు ట్రక్కు బ్రేకును గట్టిగా త్రొక్కరాదు; వేగము పెంచరాదు; చక్రమును అటునిటు త్రిప్పరాదు. చక్రమును తిన్నగా పట్టి, ఇంధనపు పెడలు మీది కాలు తీసి, ట్రెయిలరు బ్రేకును మాత్రము చేతిమీటతో మెల్లగా వేయవలెను. కాలిఫోర్నియాలో ట్రెయిలరు లాగు బండ్లకు గంటకు 55 మైళ్ల హద్దు విధించుటలోని మర్మము దీనిని బట్టి గ్రహింపవచ్చును.

నొగ భారమునకు ట్రక్కు వెనుక భాగము క్రుంగినచో ముందు చక్రములు తేలికపడి, నడుపువాని ఆజ్ఞకు సరిగా లోబడవు. దీనిని సరిదిద్దుటకు స్ప్రింగు కడ్డీల అమరిక కలదు. అది భారములో కొంత ముందు చక్రములకును, కొంత ట్రెయిలరు ఇరుసునకును పంచును. అది మంచి సాధనమే. కాని దానిని తగిలించినంత మాత్రమున తలుపు వద్ద చీటీపై అంకె పెరుగదు.

ఎక్కుట కన్న దిగుట కష్టము. కొలరాడో రాష్ట్రమున డెన్వరుకు పడమట, 11,000 అడుగులకు పైనున్న ఐసెన్‌హోవర్ సొరంగము దాటి దిగునప్పుడు, బ్రేకులు చెడిన లారీలు ఎక్కి ఆగుటకు ప్రక్కదారులు కట్టి యుండుట కాననగును. పల్లము మొదలు కాకమునుపే క్రింది గేరునకు మార్చి, ఇంజను చేతనే వేగమును అరికట్టవలెను. ఎడతెగక త్రొక్కిన బ్రేకు వేడెక్కి పట్టు తప్పును. ట్రెయిలరునకు దాని సొంత బ్రేకులుండుట, నొగ క్రింద రక్షణ గొలుసులు అడ్డముగా దాటించి తగిలించుట, టైర్లలో గాలి చూచుకొనుట, ఇవి ప్రతి ప్రయాణమునకు ముందు చేయవలసిన పనులు.

ఈ లెక్కలు కాగితముపై వేసి ఊరకుండరాదు. అచ్చటి రహదారుల ప్రక్క లారీలు ఆగు మజిలీలలో కాటాలు గలవు. అందరును ఎక్కి, నీరు నింపి, సామాను సర్ది, ముందు ట్రెయిలరుతోను, పిదప ట్రెయిలరు విప్పి ట్రక్కును ఒంటిగాను తూచినచో ఏ ఇరుసుపై ఎంత భారము పడుచున్నదో తేలిపోవును. అందుకగు ఖర్చు స్వల్పము.

ఈసారి దూరదేశమునుండి బిడ్డ ఫోనులో, "నాన్నగారూ, ట్రెయిలరు తీసికొని యాత్రకు పోదము" అని యన్నచో, మీరు సంతోషముతో సరే యనుడు. పిమ్మట ఒక్క ప్రశ్న వేయుడు: "మన ట్రక్కు ఎంత లాగునో చెప్పితివి, నాయనా, తలుపు వద్ద చీటీ చూచితివా? అది ఎంత మోయును?"